సేవ చేయనివ్వండని అడిగిన యౌవనస్థులు

(యౌవనస్థుల కూడికలకును, గృహ కూడికలకును పఠన పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 5:23, 24; లూకా 19:1-10; నెహెమ్యా 1, 2 అధ్యాయములు; 2 కొరింథీ 5:17-21



"ఒక సంవత్సరము విదేశమునకు వెళ్లి క్రైస్తవ సేవ చేసి వస్తాను" అని కుమారుడో కుమార్తెయో అడిగినప్పుడు మన ఇండ్లలో సాధారణముగా మూడు ప్రశ్నలు వినబడతాయి. తండ్రి "జీతమెంత?" అని అడుగుతారు. తల్లి "అక్కడ నిన్ను చూచుకునేవారు ఎవరు?" అంటుంది. సంఘ పెద్దలు "మన ఊరిలో సేవ లేదా?" అంటారు. మూడును న్యాయమైన ప్రశ్నలే. అయితే నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని ఎవరూ అడుగరు. "అక్కడివారు నిన్ను రమ్మన్నారా? ఏ ముఖము పెట్టుకొని వారి గడప తొక్కుచున్నావు?"

ఈ నాలుగవ ప్రశ్నను మొదట పెట్టుకొని బయలుదేరిన యౌవనస్థులు ఉన్నారు. వారు జర్మనీ దేశస్థులు. 1959 నుండి వారు చేసిన సేవను ఈ పాఠములో ధ్యానించి, మన పిల్లలకు, మనకు అందులో ఉన్న బోధ ఏమిటో చూద్దాము.

1. ఈ సేవ ఎట్లు పుట్టినది?

లోథార్ క్రైసిగ్ అనే న్యాయాధిపతి 1898లో జన్మించారు. హిట్లరు పరిపాలనకు లోబడక నిలిచిన సంఘ విభాగములో ఆయన నాయకుడు. బ్రాండెన్‌బుర్గ్ పట్టణములో దిక్కులేనివారికిని, మతిస్థిమితము లేనివారికిని సంరక్షణ చూచే న్యాయస్థానము ఆయన చేతిలో ఉండేది. 1940లో తన సంరక్షణలోని రోగులు ఒకరి వెంట ఒకరు మరణించినట్లు కాగితములు రావడము ఆయన గమనించారు. ప్రభుత్వమే వికలాంగులను, మానసిక రోగులను రహస్యముగా చంపించుచున్నదని గ్రహించారు. 1940, 1941 సంవత్సరములలోనే ఈ విధముగా 70,000 మందికి పైగా విషవాయువుతో చంపబడ్డారు.

ఆయన ఊరుకొనలేదు. న్యాయశాఖ మంత్రికి ఉత్తరము వ్రాశారు. ఆ పథకమును నడిపించుచున్న పెద్ద అధికారి మీద హత్యానేరము మోపి ఫిర్యాదు చేశారు. తన అనుమతి లేనిదే ఒక్క రోగిని కూడా కదిలించరాదని ఆసుపత్రులకు ఆజ్ఞ ఇచ్చారు. ఇది హిట్లరు చిత్తమని చెప్పినా ఆయన ఒప్పుకొనలేదు. చివరకు ఉద్యోగము పోగొట్టుకొని తన పొలమునకు వెళ్లిపోయారు. యుద్ధకాలములో అక్కడనే ఇద్దరు యూదు స్త్రీలను దాచిపెట్టి కాపాడారు.

ఇంత చేసిన మనిషి యుద్ధము ముగిసిన తరువాత "నేను నిర్దోషిని" అని చెప్పుకొనవచ్చును గదా! ఆయన అట్లు చెప్పుకొనలేదు. 1958 ఏప్రిల్ 30న బెర్లినులో జరిగిన జర్మనీ సువార్తిక సంఘముల మహాసభ చివరి దినమున ఒక విన్నపమును చదివి సంతకములు కోరారు. దాని సారాంశము ఇది: జర్మనులమైన మేము రెండవ ప్రపంచ యుద్ధమును ఆరంభించితిమి, లక్షలాది యూదులను చంపితిమి, మాలో దీనిని కోరనివారు కూడా దీనిని ఆపుటకు తగినంత చేయలేదు. కనుక మావలన బాధపడిన జనులు తమ దేశములో మా చేతులతో ఏదైనా ఒక మంచిపని చేయుటకు మమ్మును అనుమతించవలెనని వేడుకొనుచున్నాము.

ఆ విధముగా "ప్రాయశ్చిత్త సూచన" అనే అర్థము గల పేరుతో ఒక సేవాసంస్థ పుట్టినది. జర్మను భాషలో దానిని ఆక్సియోన్ జూనెసైషెన్ అంటారు.

2. "ఇస్తాము" అని కాదు, "అనుమతించండి" అని

ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించవలెను. సేవకు వెళ్లేవారు సాధారణముగా ఏమనుకుంటారు? మా యొద్ద ఉన్నది, వారి యొద్ద లేదు, కనుక ఇచ్చి వస్తాము అనుకుంటారు. ఇచ్చేవాని చేయి పైన, పుచ్చుకొనేవాని చేయి క్రింద. ఈ యౌవనస్థులు చేయి క్రింద పెట్టి బయలుదేరారు. ఇటుకలు మోసేది వారే, అయితే దయ చూపవలసినది ఎదుటివారు.

మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మాట గమనించండి. అర్పణ బలిపీఠము నొద్దకు వచ్చినది. అర్పించేవాడు సిద్ధముగా ఉన్నాడు. అప్పుడు సహోదరునికి తన మీద విరోధమున్నదని జ్ఞాపకమునకు వచ్చినది. అర్పణ చెడ్డదని ప్రభువు అనలేదు. దానిని అక్కడనే విడిచి ముందు వెళ్లమన్నాడు. వెళ్లవలసినవాడు నొప్పించబడినవాడు కాదు, ఎవని మీద విరోధమున్నదో అతడే. జర్మనీ సంఘములు యుద్ధము తరువాత మరల ఆరాధనలు, మహాసభలు జరుపుకొనుచుండగా, ఈ కొద్దిమంది బలిపీఠము నొద్ద నుండి లేచి ఆ సహోదరుని ఇంటికి బయలుదేరారు.

సంస్థ పేరులో "సూచన" అనే మాట కూడా ముఖ్యమే. ప్రాయశ్చిత్తము క్రీస్తు ఒక్కడే చేశాడు. గోడ కట్టినంత మాత్రమున చనిపోయినవారు తిరిగి రారు. లెక్క తీరిపోదు. వారు చేయగలిగినది ఒక గుర్తు మాత్రమే. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇచ్చుట వలన రక్షణ కొనుక్కొనలేదు. రక్షణ తన ఇంటికి వచ్చినది గనుకనే అతని చేయి తెరువబడినది.

3. తలుపు తీసినవారు

విన్నపములో మొదట చెప్పబడిన దేశములు పోలండు, రష్యా, ఇశ్రాయేలు. ఆ తలుపులు వెంటనే తెరుచుకొనలేదు. 1959లో మొదట నార్వే, నెదర్లాండ్సు దేశములు అంగీకరించాయి. నార్వే ఉత్తరపు కొనన ఉన్న ఫిన్‌మార్క్ ప్రాంతమును 1944లో వెనుదిరిగిన జర్మను సైన్యము ఊళ్లకు ఊళ్లు తగులబెట్టి వెళ్లినది. ఆ ప్రాంతములోని కోకెల్వ్ అనే చిన్న ఊరిలో ఈ యౌవనస్థులు ఒక దేవాలయము కట్టారు. అది 1960లో పూర్తి అయినది. ఫ్రాన్సులో ల్యోన్ నగరము ప్రక్కన విల్యుర్బాన్‌లో యూదుల సమాజమందిర నిర్మాణములో పని చేశారు. తేజే గ్రామములో 1962లో ప్రతిష్ఠింపబడిన సమాధాన దేవాలయమును కూడా వారే కట్టారు.

ఇంగ్లాండులోని కోవెంట్రీ సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. 1940 నవంబరు 14 రాత్రి జర్మను విమానములు ఆ పట్టణము మీద బాంబులు కురిపించాయి. 500 మందికి పైగా మరణించారు. పురాతనమైన సెయింట్ మైకేల్ దేవాలయము కాలిపోయి గోడలు మాత్రము మిగిలాయి. కాలిన రెండు దూలములను ఒక తాపీపనివాడు సిలువగా కట్టి నిలబెట్టాడు. బలిపీఠము వెనుక గోడ మీద తండ్రిని క్షమాపణ కోరే రెండు మాటలు చెక్కించారు. ప్రభువు సిలువ మీద పలికిన మాటలో ఉన్న "వీరిని" అనేది అందులో లేదు. ఎందుకనగా క్షమాపణ శత్రువునకు మాత్రమే కాదు, మనకును అవసరమే.

ఆ శిథిలములలోనికి 1961లో జర్మనీ నుండి ఒక యౌవనస్థుల బృందము వచ్చి, కాలిపోయిన గదులను బాగుచేసి, అంతర్జాతీయ సమాధాన కేంద్రముగా తయారు చేసినది. 1962 మే 25న ప్రక్కనే క్రొత్త దేవాలయము ప్రతిష్ఠింపబడినది. తరువాత 1965లో కోవెంట్రీ నుండి బ్రిటిషు యౌవనస్థులు జర్మనీలోని డ్రెస్డెన్ నగరమునకు వెళ్లారు. 1945 ఫిబ్రవరిలో బ్రిటిషు, అమెరికా విమానముల దాడిలో ఆ నగరములో 25,000 మంది వరకు మరణించారు. ఆ దాడిలో పాడైన డీకనెస్సుల ఆసుపత్రి భాగమును తిరిగి కట్టుటకు వారు చేతులు కలిపారు. ఒకరు వచ్చి అడిగితే, అడుగబడినవారు లేచి తమ వంతు తాము వెళ్లారు. సమాధానము నడిచే దారి ఇదే.

1961లో మొదటి బృందము ఇశ్రాయేలుకు చేరి ఊరిమ్ అనే కిబ్బుట్సులో పని చేసినది. అదే సంవత్సరము బెర్లిను గోడ లేచి సంస్థను కూడా రెండుగా చీల్చినది. తూర్పు జర్మనీ యౌవనస్థులు పశ్చిమ దేశములకు వెళ్లుటకు వీలు లేక, 1962 నుండి తమ దేశములోనే వేసవి శిబిరములు పెట్టి కూలిపోయిన దేవాలయముల శిథిలములు ఎత్తారు. తరువాత పోలండుకు వెళ్లి, సుమారు 11 లక్షల మంది చంపబడిన ఆష్విట్స్ నిర్బంధ శిబిరములో పని చేశారు. ఆ శిబిరమున్న ఓష్వియెంచిమ్ పట్టణములో 1986లో అంతర్జాతీయ యువజన కేంద్రము తెరువబడినది. గోడ కూలిన తరువాత 1991లో రెండు భాగములును ఒకటైనవి.

4. తండ్రుల పాపమునకు బిడ్డలెందుకు వెళ్లవలెను?

ఇది కష్టమైన ప్రశ్న. వెళ్లిన పిల్లలలో చాలామంది యుద్ధకాలములో పసివారు. తరువాతివారు అప్పటికి పుట్టనే లేదు. యెహెజ్కేలు 18వ అధ్యాయము తండ్రి దోషమును కుమారుడు మోయడని స్పష్టముగా చెప్పుచున్నది. మరి ఎందుకు?

నెహెమ్యాను చూడండి. యెరూషలేము పాడైనప్పుడు అతడు లేడు. పారసీక రాజు గృహములో మంచి ఉద్యోగములో ఉన్నాడు. అయినను గోడలు కూలిన వార్త విని ఏడ్చి, ఉపవాసముండి, తానును తన తండ్రి ఇంటివారును పాపము చేసితిమని ఒప్పుకున్నాడు. దానియేలు 9వ అధ్యాయములో దానియేలు కూడా "మేము" అనియే ప్రార్థించాడు. వారి మీద వ్యక్తిగతమైన నేరము లేదు. అయితే తండ్రుల ఆస్తికి వారసుడైనవాడు తండ్రుల అప్పు సంగతి నాకు తెలియదని అనజాలడు.

నేరము వేరు, బాధ్యత వేరు. నేరము చేసినవానిదే. ఆ నేరము వలన మిగిలిన గాయమును ఎవరు కట్టవలెను అనేది బాధ్యత. ఈ రెంటిని కలిపివేస్తే రెండు తప్పులలో ఒకటి జరుగును. ఒకటి, చేయని పాపమునకు పసివారిని నిందించుట. రెండు, "మేము చేయలేదు గదా" అని గాయపడినవానిని దారిలో విడిచి ప్రక్కగా పోవుట. లూకా 10వ అధ్యాయములో యాజకుడు, లేవీయుడు ఆ మనిషిని కొట్టలేదు. కొట్టినది దొంగలు. వారి మీద మన ప్రభువు చూపిన తప్పు ఆగకుండా పోవుటయే.

5. ఆ సంవత్సరములో ఏమి చేస్తారు?

మొదట కట్టడపు పనులు ఎక్కువగా ఉండేవి. తరువాత మనుష్యుల మధ్య సేవ ముఖ్యమైనది. పాఠశాల ముగించిన 18, 19 ఏండ్లవారు ఎక్కువగా వెళతారు. సెప్టెంబరులో బయలుదేరి పండ్రెండు నెలలు ఉంటారు. బయలుదేరక ముందు శిక్షణ తరగతులుంటాయి. ఆ దేశములో జర్మనులు ఏమి చేశారో చదువుకొని వెళతారు. నిర్బంధ శిబిరముల నుండి బ్రతికి బయటపడినవారి ఇండ్లకు వెళ్లి వారితో కూర్చుంటారు. బజారు పనులు చేసి పెడతారు. వికలాంగుల గృహములలో స్నానము చేయించి, అన్నము తినిపిస్తారు. ఇల్లులేనివారికి, శరణార్థులకు సహాయపడతారు. జ్ఞాపక స్థలములలో పాత కాగితములు సర్దుతారు, వచ్చినవారికి చూపిస్తారు.

క్రైసిగ్‌గారు కాపాడజూచినది వికలాంగులనే. వారి గృహములలో నేడు జర్మను పిల్లవాడొకడు గిన్నె పట్టుకొని ముద్ద తినిపించుట ఎంత అర్థవంతమైన పని!

ఈ పనులలో ఏదియు పత్రికలలో పడేది కాదు. మొదటి నెలలలో భాష రాదు. నవ్వవలసినచోట నవ్వలేరు. ఒక ముసలామె తలుపు తీసి, జర్మను ఉచ్చారణ విని మరల మూసివేస్తే ఏమి చేయాలి? అది ఆమె హక్కు. అడిగేవాడు "కాదు" అనే జవాబును కూడా గౌరవముతో పుచ్చుకొనవలెను. క్షమాపణ బాకీ వసూలు చేసినట్లు వసూలు చేసేది కాదు.

6. నోరు తెరువని సేవ సాక్ష్యమగునా?

"సువార్త చెప్పకుండా సంవత్సరమంతా గిన్నెలు కడిగితే అది క్రైస్తవ సేవ ఎట్లగును?" అని మనవారు అడుగుతారు. ఈ సంస్థ క్రైస్తవ సంఘములలో పుట్టినదైనను, అన్ని విశ్వాసములవారిని చేర్చుకుంటుంది. ఎవరినీ మతము మార్చుటకు పంపదు. బాప్తిస్టులమైన మనకు ఇది కొరతగా తోచవచ్చును.

అయితే ఎవరి ఇంటిలో ఉన్నామో మరువరాదు. క్రైస్తవ దేశమని పేరు పెట్టుకున్నవారే ఆ యూదు కుటుంబమును చంపారు. ఆ ఇంటిలో క్రీస్తు నామము మొదట పోగొట్టుకున్న గౌరవమును తిరిగి పొందవలెను. మాటకు ముందు చేతులు కడుగుకొని నిలుచుట కూడా సాక్ష్యమే. ఇతరులు మన నిరీక్షణను గూర్చి అడిగినప్పుడు సాత్వికముతో జవాబు చెప్పుటకు సిద్ధముగా ఉండవలెనని 1 పేతురు 3:15 నేర్పుచున్నది. అడిగేటంతగా బ్రతుకుట మన పని. అడుగక ముందే జవాబు గ్రుమ్మరించుట సాత్వికము కాదు.

7. మన దేశములో, మనవారిలో

ఇటువంటి సేవ మన దేశమునకు క్రొత్త కాదు. స్విట్జర్లాండు ఇంజనీరు పియేర్ సెరెసోల్ 1920లో, మొదటి ప్రపంచ యుద్ధములో నేలమట్టమైన ఫ్రాన్సులోని ఎస్న్ గ్రామమునకు వేర్వేరు దేశములవారిని, వారితో జర్మనులను కూడా తీసుకొని వెళ్లి ఇండ్లు కట్టే పని ఆరంభించారు. జర్మనుల సహాయము అక్కడ అందరికీ రుచించలేదు. పని త్వరలోనే నిలిచిపోయినది. ఆయన నిరాశపడలేదు. 1934 జనవరి 15న బీహారులో మహా భూకంపము వచ్చినప్పుడు ఆయన మన దేశమునకు వచ్చి, సహాయ కార్యక్రమమును నడిపించుచున్న బాబూ రాజేంద్రప్రసాద్‌గారితో కలిసి పని చేశారు. ముజఫర్‌పూర్ ప్రాంతములో గ్రామస్థులతో పాటు తానును పలుగు, పార పట్టారు.

మన తెలుగు బాప్తిస్టు సంఘముల చరిత్రలో కూడా సముద్రము దాటిన సేవకుడున్నాడు. 1860 నుండి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాలుకు వెళ్లిన తెలుగువారి కొరకు, నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు 1903లో ఓడ ఎక్కారు. తెలుగు సంఘములే ఆయనను పంపినవి. ఆయన వెళ్లినది ఒక సంవత్సరమునకు కాదు; 1915లో అక్కడనే ప్రభువునందు నిద్రించారు. పేదవారైన మన పితరులు తమ పిడికెడు బియ్యపు కానుకలతో ఒకనిని పంపగలిగినప్పుడు, మన సంఘములకు ఒక పిల్లవానిని ప్రార్థనతో పంపుట అసాధ్యము కాదు.

8. మన పిల్లలు వెళ్లదలచితే

నెహెమ్యా 2:6లో రాజు రెండు సంగతులు అడిగాడు: ప్రయాణము ఎంతకాలము పట్టును? ఎప్పుడు తిరిగి వస్తావు? నెహెమ్యా కాలము నిర్ణయించి చెప్పాడు. ఒక సంవత్సరము అంటే ఒక సంవత్సరమే. సేవ పేరున వెళ్లి అక్కడనే నిలిచిపోవలెనని లోపల అనుకొనేవాడు, తనను పంపిన సంఘముతోను, పిలిచినవారితోను, ఆ దేశపు చట్టముతోను అబద్ధమాడుచున్నాడు. అతని వెనుక రావలసిన పదిమందికి తలుపు మూయుచున్నాడు.

తల్లిదండ్రులు, పెద్దలు ఈ సంగతులు విచారించవలెను:

అ) పిలిచే సంస్థ ఏది? దాని పని కన్నులార చూచినవారు ఎవరైనా ఉన్నారా? మధ్యవర్తి ఒకడు లక్షలు అడిగి "సేవా వీసా, తరువాత ఉద్యోగము" అని చెప్పితే అది సేవ కాదు, వ్యాపారము.

ఆ) వసతి, భోజనము, చేతి ఖర్చు, ఆరోగ్య బీమా, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఎవరు భరిస్తారో వ్రాతపూర్వకముగా ఉన్నదా?

ఇ) పాస్‌పోర్టు తన యొద్దనే ఉండునా? కష్టము వస్తే చెప్పుకొనుటకు పని చేయించేవారు కాక మరియొకరు ఉన్నారా?

ఈ) సంఘములో పది, పదిహేనుమంది అతని కొరకు క్రమముగా ప్రార్థించి, కొంత సహాయము చేయుటకు ఒప్పుకున్నారా? జర్మనీ పిల్లలు కూడా ఇటువంటి పోషకుల గుంపును సమకూర్చుకొని, వారికి తమ పనిని గూర్చి వ్రాస్తుంటారు. ఒంటరిగా వెళ్లినవాడు సొంత పని మీద వెళ్లినట్లే. పంపబడినవాడు లెక్క చెప్పవలసినవాడు.

9. వలస వచ్చిన మనకు

మన తాతలు కోలారు గనులకు, షోలాపూరు మిల్లులకు, రైలు పట్టణములకు పొట్ట చేత పట్టుకొని వచ్చారు. మనము కన్నడిగుల, తమిళుల, ఒడియావారి, మరాఠీవారి మధ్య అతిథులుగా మొదలై ఇరుగుపొరుగువారమైతిమి. యిర్మీయా 29:7 ప్రకారము మనమున్న పట్టణపు క్షేమమును వెదకవలసినవారము. కనుక ఈ పాఠము విమానమెక్కేవారికి మాత్రమే కాదు. మన వీధిలో మనతో మాట్లాడని కుటుంబము ఉండవచ్చును. ఒకప్పటి భాషా తగాదాలో, నీళ్ల తగాదాలో, స్థలము తగాదాలో, కులము మాటలో మనవారి వలన నొచ్చుకున్నవారుండవచ్చును. సంఘము లోపలనే రెండు తరములుగా ఒకే బల్లకు రాని రెండు ఇండ్లవారు ఉండవచ్చును. ఆ గడప దగ్గరకు వెళ్లి "మీ ఇంట ఏదైనా పని చేయనివ్వండి" అని అడుగుటకు వీసా అవసరము లేదు. అయితే నార్వేకు వెళ్లుటకంటె అది దూరప్రయాణము.

ఆ దూరము నడిచినవానిని విదేశమునకు పంపుటకు సంఘము వెనుకాడనవసరము లేదు.

చర్చించవలసిన ప్రశ్నలు

1. సహాయము చేయుటకును, సహాయము చేయనివ్వమని అడుగుటకును భేదమేమి? మీ సంఘపు సేవలో ఏది ఎక్కువగా ఉన్నది?

2. క్రైసిగ్‌గారు తన వంతు ధైర్యముగా చేసినను "మేము తగినంత చేయలేదు" అనే విన్నపమును తానే ముందు పెట్టారు. ఇది అనవసరమైన తగ్గింపా, సత్యమా?

3. నేరమునకును బాధ్యతకును గల తేడాను యెహెజ్కేలు 18, నెహెమ్యా 1 అధ్యాయములను ప్రక్కప్రక్కన పెట్టి వివరించండి.

4. మీ సంఘము ఒక యౌవనస్థుని ఒక సంవత్సరము పంపవలసి వస్తే, ఎవరి యొద్దకు పంపుతారు? ఎందుకు వారి యొద్దకే?

5. ఈ వారము మీరు మొదట వెళ్లవలసిన గడప ఏది?

ప్రార్థన

ప్రభువా, మేము శత్రువులమై యుండగానే మమ్మును వెదకి వచ్చితివి. మా పిల్లలను పంపుటకు మాకు ధైర్యమిమ్ము. వెళ్లేవారికి తగ్గింపును, తిరిగి వచ్చు మనస్సును దయచేయుము. మావలన గాయపడినవారి యొద్దకు మా పాదములను నడిపించుము. ఆమేన్.